చెరువు కట్ట మీద నడక, చెప్పు ముక్క మీద బొమ్మ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. అవి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఈ హాస్టల్లో అయిదేళ్లు చదివి డ్రాయింగ్ మాస్టారునైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన పనే రాస్తున్నాను. దసరా సెలవులకు ఇంటికి పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది పనికొస్తుంది. పోవడానికి ఇల్లు లేక ఇక్కడే ఉండిపోయేవాళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. మా రోజుల్లో అలాంటివాళ్లం నలుగురైదుగురం ఉండేవాళ్లం. పన్నెండు రోజుల సెలవులు, ఖాళీ గదులు, వెనక నిండిన చెరువు. ఆ చెరువే లేకపోతే నేను డ్రాయింగ్ మాస్టారును అయ్యేవాణ్ణి కాదు.

శరదృతువు అంటే ఆశ్వయుజం, కార్తికం. వానలు వెనకబట్టి, చలి ఇంకా రాని రోజులు. దుమ్మంతా వానకు కడుక్కుపోయి ఉంటుంది కాబట్టి వెలుతురు శుభ్రంగా ఉంటుంది. గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా, చేలల్లో గునుగు తెల్లగా, లేత గులాబీగా పూసి ఉంటాయి. బతుకమ్మకు పూలు తెచ్చిన చెల్లెళ్లకు ఇవి నేను చెప్పాల్సిన పని లేదు. మత్తడి దగ్గర తోక పైకీ కిందికీ ఊపుతూ నడిచే చిన్న పిట్టలు కనిపిస్తే, వాటిలో కొన్ని హిమాలయాల అవతలి నుంచి చలికాలానికి వచ్చినవి కావచ్చు.

గుంపులుగా గాలిలో తిరిగే పసుపుపచ్చ తూనీగలను కూడా ఈ రోజుల్లోనే చూడాలి. ఇవి అక్టోబర్ నుంచి మాల్దీవులలో దిగుతాయని, అక్కడి నుంచి సముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. మనం దారం కట్టి ఆడుకున్న తూనీగ సంగతి ఇది!

నడకకు పెద్ద సామగ్రి అక్కరలేదు. పొద్దున్నే ఆరింటికి, ఇద్దరిద్దరుగా, వార్డెన్ గారికి చెప్పి పోవాలి. గడ్డి ఏపుగా ఉంటుంది కాబట్టి చేతిలో కర్ర ఉండాలి, పాములు ఉంటాయి. మాట్లాడకూడదు. పిట్ట దగ్గరికి నేరుగా నడిస్తే లేచిపోతుంది. దాన్ని చూడనట్టు అడ్డంగా నడుస్తూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ దగ్గరవ్వాలి. మేకలు కాసినవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

ఇప్పుడు ఫొటో సంగతి. మా కాలంలో సెల్ ఫోన్లు లేవు. 1997 దసరాకు ఒక పాత విద్యార్థి రీలు కెమెరా తెచ్చాడు. రీలుకు 36 ఫొటోలు. కడిగించి చూస్తే మూడింటిలోనే పిట్ట ఉంది, అదీ చుక్కంత. ఇప్పుడు మీలో కొందరి దగ్గర, లేకపోతే మిమ్మల్ని చూడవచ్చే అన్నల దగ్గర ఫోన్ ఉంటుంది. సూర్యుణ్ణి మీ వీపుకు పెట్టుకోండి. తూనీగను తీయాలంటే మీరు కూడా దాని ఎత్తుకు వంగి కూర్చోండి. పుల్ల చివర వాలే ఎర్ర తూనీగ లేచినా చాలాసార్లు మళ్లీ అదే పుల్ల మీదికి వస్తుంది కాబట్టి వెంటపడకుండా పుల్లకే గురిపెట్టి ఉండండి. తెల్ల కొంగ నల్లని నీళ్ల మీద ఉంటే ఫొటోలో సున్నం ముద్దలా వస్తుంది. తెర మీద కొంగను వేలితో తాకి వెలుతురు తగ్గిస్తే ఈకలు కనిపిస్తాయి. స్క్రీన్ మీద లాగి పెద్దది చేస్తే బొమ్మ చెదిరిపోతుంది, దానికంటే నాలుగు అడుగులు నడవడం మేలు. గూటి దగ్గరికి మాత్రం పోవద్దు. మన ఫొటో కోసం తల్లి పిట్ట లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి.

ఆ 1997 దసరా నాడే ఇంకొకటి జరిగింది. పాలపిట్టను చూస్తే మంచిదని మన దగ్గర నమ్మకం కదా. ఎవరో ఒకాయన పంజరంలో పాలపిట్టను పెట్టుకుని హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు, చూసినవాళ్లు రూపాయి వెయ్యాలి. మేమంతా చుట్టూ చేరి దండం పెట్టాం. ఏడో తరగతి తమ్ముడు ఒకడు మాత్రం దూరంగా నిలబడ్డాడు. వాడు ఇంటి దగ్గర మేకలు కాసేవాడు. క్లాసులో నోరు విప్పేవాడు కాదు, లెక్కల్లో సున్నా, అందరికీ మొద్దు అనే లెక్క. ఎందుకురా రావు అంటే, "అది పాలపిట్ట గాదన్నా. ఎగిరితేనే గదా నీలం కనవడేది" అన్నాడు.

మళ్లీ చూశాను. నిజమే, ముడుచుకుని కూర్చున్న పిట్ట మట్టిరంగులో, వెంట్రుకలు రేగిన కోడిపిల్లలా ఉంది. పాలపిట్ట నీలమంతా రెక్కలోనూ, తోకలోనూ దాగి ఉంటుంది, రెక్క విప్పితేనే బయటపడుతుంది. పైగా ఆ నీలం పూసిన రంగు కాదు. ఈకలో కంటికి కనబడని గాలి బుడగల్లాంటి సందులు ఉంటాయి, వాటి మీద పడిన వెలుతురు చెదిరి మనకు నీలంగా కనిపిస్తుంది. ఈకను నలిపితే నీలం పోతుంది. ఆ సంగతి నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరమని కూడా అప్పుడు మాకెవరికీ తెలియదు. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్ర పక్షి అని మాత్రం జీకే పుస్తకంలో బట్టీ పట్టి ఉన్నాం! తెలంగాణకు ఇప్పటికీ అదే, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది.

ఆ మర్నాడు వాడే మమ్మల్ని కరెంటు తీగల కిందికి తీసుకుపోయాడు. గంటన్నర కూర్చున్నాం. తీగ మీది పిట్ట మిడత కోసం కిందికి దూకినప్పుడు ఒక్క క్షణం నీలం కనబడింది. ఫొటో రాలేదు. నేను ఆ నీలాన్ని మళ్లీ ఎలా చూడాలా అని అచ్చు బొమ్మ మొదలుపెట్టాను.

అచ్చు సూత్రం చిన్నది. చెక్కిన చోట తెలుపు మిగులుతుంది, చెక్కని చోట రంగు అంటుతుంది. బెండకాయను అడ్డంగా కోసి సిరాలో ముంచి వేసినవాళ్లందరూ అచ్చు వేసినట్టే. పెడనలో కలంకారీ బట్టకు టేకు చెక్కతో చేసిన అచ్చులు వాడతారు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. చిత్రకారులు వాడే లినోలియం అవిసె నూనె, బెండు పొడి కలిపి చేసే షీటు. 1930 దండి యాత్ర మీద నందలాల్ బోస్ వేసిన గాంధీజీ బొమ్మ దాని మీద చెక్కిందే. మన మెదక్ వైపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారు బరోడాలో అచ్చు విద్య నేర్చుకుని, లోహపు రేకుల మీద మన పల్లె మనుషుల్ని, మేకల్ని గీశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. మేకలు బొమ్మకు పనికిరావని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి.

మాకు లినో ఎక్కడిది? తెగిపోయిన హవాయి చెప్పు అడుగు చాలు. బొమ్మను ముందు కాగితం మీద గీసి, పెన్సిల్ వైపు రబ్బరు మీద బోర్లించి రుద్దాలి. గీత అంటుకుంటుంది, తిరగబడి అంటుకుంటుంది. దాన్నలాగే చెక్కితే అచ్చులో మళ్లీ సరిగ్గా వస్తుంది. నేను మొదటిసారి ఈ మాట తెలియక హాస్టల్ పేరు నేరుగా చెక్కి, ఇరవై కాగితాల మీద అచ్చేసి గోడలకు అంటించాను. చదవాలంటే అద్దం కావాల్సి వచ్చింది. బ్లేడు చెయ్యికి ఎదురుగా కాకుండా బయటి వైపు నడపాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. స్టాంపు ప్యాడు సిరా సరిపోతుంది. కాగితం పరిచి స్టీలు చెంచా వీపుతో మెల్లగా రుద్దాలి. వానాకాలంలో సిరా రెండు రోజులైనా ఆరదు, ఈ నెలల్లో గంటలో ఆరుతుంది. చెక్కడం రానివాళ్లు తంగేడు ఆకు అడుగు వైపు సిరా రాసి కాగితం మీద ఒత్తితే జంటలు జంటలుగా చిన్నాకులన్నీ దిగుతాయి.

మేకల తమ్ముడు కూడా చెక్కాడు. నేను పిట్ట మొత్తం గీస్తే, వాడు ఒక్క విప్పిన రెక్కను, అడుగున సగం తీగను చెక్కాడు. సిరా నలుపు, మరి నీలం ఎలా అంటే, యూనిఫారం చొక్కాలకు పెట్టే నీలి మందు నీళ్లలో కలిపి వేలితో అద్దాడు. అయిదు కాగితాలు వేశాడు. నాలుగు ఎటుపోయాయో తెలియదు. ఒకటి వంటమ్మ అడిగి తీసుకుని వంటగది తలుపు వెనక అన్నం మెతుకులతో అంటించింది. పోయిన ఏడు వచ్చినప్పుడు చూశాను. పొగకు కాగితం గోధుమరంగైంది, నల్లసిరా వెలిసింది. నీలం ఇంకా కొద్దిగా ఉంది.