వీధి ఇంగ్లీషు, బడి ఇంగ్లీషు

ఉప్పల్ రింగు రోడ్డు వద్ద ఉదయం ఎనిమిది గంటలకు సిటీ బస్సు ఎక్కినవారికి రెండు ఇంగ్లీషు మాటలు తప్పకుండా వినబడతాయి. దిగవలసినవారు ఉంటే కండక్టరు "హోల్డాన్" అని కేక వేస్తాడు; బస్సు ఆగుతుంది. అందరూ ఎక్కిన తరువాత "రైట్, రైట్" అంటాడు, బస్సు కదులుతుంది. బడి గడప తొక్కని ముసలమ్మకు సైతం ఈ రెండు మాటల అర్థం కరతలామలకం. కాని నిఘంటువు తెరిచి చూస్తే "రైట్" అన్న పదానికి సరియైనది అనీ, కుడివైపు అనీ, హక్కు అనీ అర్థాలు కనబడతాయి. "ఇక పోనివ్వు" అన్న అర్థం అంత తొందరగా దొరకదు. "అంతా సరిగా ఉన్నది, బయలుదేరవచ్చును" అన్న నిండు భావం అరిగి అరిగి మన బస్సులలో ఒక్క మాటగా మిగిలినది.

ఇంతకూ ఈ "రైట్" ఇంగ్లీషు మాటా, తెలుగు మాటా? పుట్టుక చేత ఇంగ్లీషుదే. కాపురం చేత మాత్రం తెలుగుది. పుట్టింట ఆమెను ఏ పేరుతో పిలిచేవారో, ఏ పనులు చేసేదో అన్నది ఒక విషయం. మెట్టినింట ఆమె బాధ్యత ఏమిటన్నది మరొక విషయం. ఈ భేదాన్ని గుర్తించక నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. ఉపాధ్యాయ మిత్రులకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో దానిని ఇక్కడ చెప్పుకొంటున్నాను.

సుమారు ఇరవై ఏళ్ళ నాటి మాట. నాచారం ప్రాంతంలోని ఒక పాఠశాలలో నేను ఏడవ తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. "మా ఇల్లు" అన్న విషయం మీద పది వాక్యాలు వ్రాయుమన్నాను. వెనుక బల్ల మీది కుర్రవాడు ఒకడు, "మా ఇంటి ముందు ఒక బోరింగు ఉన్నది, అది మాకు చాలా ఉపయోగకరము" అని ఇంగ్లీషులో వ్రాశాడు. నేను ఆ వాక్యాన్ని పైకి చదివి, "ఏమిరా, మీ ఇంటి ముందు అంత విసుగు పుట్టించేది ఏమున్నది?" అన్నాను. తరగతి యావత్తు గొల్లుమన్నది. వాడు తల వంచుకొని, "విసుగు కాదు సార్, నీళ్ళొస్తయి" అన్నాడు. నవ్వు రెండింతలయింది. ఆ తరువాత సంవత్సరాంతం వరకు ఆ కుర్రవాడు నా తరగతిలో చెయ్యి ఎత్తలేదు.

హైదరాబాదు ప్రాంతంలో బోరింగు అంటే చేతిపంపు. పిడి పట్టుకొని పైకీ కిందికీ ఆడిస్తే బిందె నిండుతుంది. నల్లా నీళ్ళు రాని బస్తీలలో ఇల్లు ఎక్కడ అని అడిగితే "బోరింగు పక్కన" అని గుర్తు చెప్పేవారు. ఆ మాట ఆ పిల్లవాడు పుస్తకంలో నేర్చుకోలేదు, బిందె మోసి నేర్చుకొన్నాడు.

ఆ సాయంత్రం మనసు ఊరుకోక నిఘంటువు తీశాను. తొలిచి రంధ్రం చేయడం అన్న అర్థంలో "బోర్" అతి ప్రాచీనమైన ఇంగ్లీషు క్రియ. విసుగు పుట్టించడం అన్న అర్థం పద్దెనిమిదవ శతాబ్దంలో తలయెత్తినది. అది ఎలా వచ్చినదో పండితులు ఈనాటికీ నిశ్చయంగా చెప్పలేకున్నారు. అంతేకాదు, నేలలో తొలిచిన రంధ్రాన్ని "బోరింగ్" అనే వాడుక ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞులలోనూ ఉన్నది. అంటే, మా కుర్రవాడు వాడిన మాట వెనుక ఉన్న అర్థమే వయసులో పెద్దది. నేను నవ్విన అర్థం నిన్నమొన్నటిది. చేతిపంపును సామాన్యమైన ఇంగ్లీషులో "హ్యాండ్ పంప్" అంటారని చెప్పి ఊరుకొంటే సరిపోయేది. ఉప్పల్ నుండి హబ్సిగూడకు పోయే దారిలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. భూగర్భ జలాల పరిశోధన ఆ సంస్థ చేసే పనులలో ఒకటి. ఆ ప్రహరీ పక్కగా బస్సులో పోయినప్పుడెల్లా ఆ వాక్యం జ్ఞాపకం వస్తుంది.

ఆనాటి నుండి నాకు ఒక అలవాటు అబ్బినది. వీధిలో వినబడిన ఇంగ్లీషు మాటను తప్పు అనడానికి ముందు, ఇక్కడ దీని అర్థం ఏమిటి, అక్కడ దీని అర్థం ఏమిటి అని రెండు ప్రశ్నలు వేసుకొంటాను. ఈ రెండు ప్రశ్నలతో ఉప్పల్, నాచారం వీధులు తిరిగితే అదొక పెద్ద పాఠమవుతుంది.

నాచారం పారిశ్రామిక వాడలో "కంపెనీకి పోతున్న" అంటే కర్మాగారంలో పనికి పోతున్నానని అర్థం. సాంఘిక శాస్త్ర పాఠంలో కంపెనీ అంటే ఈస్టిండియా వర్తక సంఘం. ఇంగ్లీషువాడు "నాకు కంపెనీ ఇవ్వు" అంటే తోడుగా ఉండుమని. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. లాటిన్ భాషలో "పానిస్" అంటే రొట్టె; కలిసి రొట్టె తినేవారు సహచరులు. ఆ సహవాసమే క్రమంగా వర్తకుల కూటమి అయినది. మధ్యాహ్నం గంట మోగగానే చెట్టు నీడన కూర్చొని సద్ది డబ్బాలు విప్పి కూరలు పంచుకొనే కార్మికులు, తమకు తెలియకుండానే ఆ మాట మొదటి అర్థాన్ని నిలుపుతున్నారు.

"కాలనీ" సంగతి మరింత విచిత్రం. ఈ ప్రాంతంలో సందు మలుపు తిరిగితే ఒక కాలనీ. పిల్లవాడికి కాలనీ అంటే తన ఇల్లు, తన స్నేహితులు, వినాయక చవితి పందిరి. అదే పిల్లవాడు చరిత్ర పుస్తకంలో "భారతదేశం బ్రిటిషువారి కాలనీ" అని చదివితే ఏమని ఊహించుకోవాలి? పరదేశం వారు ఆక్రమించి ఏలిన వలస దేశం అని మనం విడమరిచి చెప్పకపోతే, ఆ వాక్యంలోని బాధ వానికి అందదు. లాటిన్‌లో "కొలోనియా" అంటే సేద్యగాండ్రు పోయి స్థిరపడిన చోటు. దున్నుట అన్న ధాతువు నుండి పుట్టిన మాట. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ అన్న పేరు చూడండి. తోట భూములను సూచించే పాత రెవెన్యూ మాట అది. తోట అనే అర్థం గల "బాగ్" అన్న పారశీక పదం నుండి వచ్చినది. నేడు అక్కడ ఇళ్ళ స్థలాల హద్దురాళ్ళు కనబడుతున్నాయి. అక్కడ రోములో సేద్యపు మాట కాలనీ అయినది. ఇక్కడ సేద్యపు భూమే కాలనీ అయినది.

నందమూరి తారక రామారావు గారు స్టూడియో నెలకొల్పిన ఊరు నాచారం. సినిమా మన నోటికి ఇచ్చిన ఇంగ్లీషు తక్కువది కాదు. "వాడికి అంత సీను లేదు" అంటే అంతటి సామర్థ్యం లేదని భావం. ఇంగ్లీషులో "సీన్ చేయడం" అంటే నలుగురిలో రభస చేయడం. మనవాడు నెమ్మదస్తుడైనా సీను లేనివాడు కావచ్చు. వారి దేశంలో సీను చేయనివాడే పెద్దమనిషి.

ఇట్టి మాటలను చూసి భాష చెడిపోయినదని వాపోయేవారు ఉన్నారు. వారు ఒక్కసారి సి.పి. బ్రౌను దొరను స్మరించడం మంచిది. తెలుగు నిఘంటువులు వ్రాసినవాడుగానే ఆయన మనకు పరిచితుడు. కాని 1854లో ఆయన తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువును వెలువరించాడు. కచేరీలలోనూ అంగళ్ళలోనూ జనం నోట ఆడుతున్న హిందూస్తానీ, పారశీకం, ఇంగ్లీషు మాటలను అపభ్రంశాలని తోసివేయక, వరుసలో పెట్టి అర్థం చెప్పాడు. మన కాలంలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు అదే చూపుతో పల్లెల మాటలను పరికించారు. ఆయన ఆధ్వర్యాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలకూ, 1971లో చేనేత పదాలకూ మాండలిక వృత్తి పదకోశాలను ప్రచురించినది. రైతు నోటి మాట, సాలె నోటి మాట నిఘంటువుకు ఎక్కినవి. లేతు మీద ఇనుము చెక్కే నాచారం ఫిట్టరు నోటి మాట కూడ ఏదో ఒకనాడు అలా ఎక్కవలసినదే.

రాకపోకలు ఒకవైపు మాత్రమే సాగలేదన్న సంగతి కూడ విద్యార్థులకు చెప్పవలె. పొలాలను పాడుచేసే మన పందికొక్కు ఇంగ్లీషులోకి పోయి "బ్యాండికూట్" అయినది. తరువాత ఆస్ట్రేలియాలో వేరొక జంతువుకు సైతం ఆ పేరే పెట్టారు. ఇక మనం ఇడ్లీ, దోసె అన్న అర్థంలో వాడే "టిఫిన్" సంస్కృతమూ కాదు, ఉర్దూ కాదు. కొద్దిగా గుటక వేయడం అన్న ఇంగ్లీషు గ్రామ్యం నుండి వచ్చినదని పండితుల నిర్ణయం. అక్కడ అది మూలబడినది. ఇక్కడ ఉప్పల్ చౌరస్తాలో తెల్లవారకముందే పొగలు కక్కుతున్నది.

అయితే వీధి అర్థమే చాలునని నేను అనడం లేదు. అలా అంటే విద్యార్థికి ద్రోహం చేసినట్లే. మనవాడు రేపు పరీక్ష వ్రాయవలె, ఉద్యోగానికి పోవలె, పరదేశస్థులతో మాట్లాడవలె. "నాకు ఒక డౌటు ఉన్నది" అని ఉపాధ్యాయుని అడిగితే మన తరగతిలో అది వినయంతో కూడిన ప్రశ్న. ఇంగ్లండు దేశస్థునితో అంటే, "మీరు చెప్పినది నమ్మదగినదిగా లేదు" అన్న ధ్వని రావచ్చు. అక్కడ "క్వశ్చన్" అనడం మేలు. "నేను 2020లో పాస్ అవుట్ అయినాను" అంటే మనకు పట్టా పుచ్చుకొన్నానని. సైనిక శిక్షణాలయాలలో ఆ వాడుక వారికీ ఉన్నది. కాని మామూలు ఇంగ్లీషులో అది మూర్ఛపోయినానని చెప్పడం. "ఆమె ఫీలయింది" అంటే మనకు నొచ్చుకొన్నదని. వారికి ఏమి అనుభవించినదో చెప్పందే వాక్యం ముగియదు. "లైట్ తీసుకో" అన్న స్నేహితుని ఓదార్పును ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో పెడితే, దీపం పట్టుకొని పొమ్మన్నట్లు వినబడుతుంది.

కాబట్టి మాట తప్పు కాదు, చోటు తప్పు. వేసవి చొక్కా తప్పు కాదు, దానిని తొడుక్కొని హిమాలయానికి పోవడం తప్పు. ఈ సంగతి చెప్పడానికి ఎర్ర సిరా అక్కరలేదు. విద్యార్థి చేతనే ఒక చిన్న పుస్తకం కుట్టించి, పుటకు రెండు గళ్ళు గీయించండి. ఎడమ గడిలో "మా వీధిలో అర్థం", కుడి గడిలో "పుస్తకంలో అర్థం". వారానికి ఐదు మాటలు చాలు. బస్సులో విన్నవి, దుకాణం బోర్డు మీద చూసినవి, నాన్న కర్మాగారం నుండి తెచ్చినవి. నెల తిరిగేసరికి పిల్లవానికి రెండు గళ్ళ మధ్య గీత ఎక్కడున్నదో దానంతట అదే తెలుస్తుంది. మన తార్నాక దగ్గరనే 1958లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకై కేంద్ర సంస్థ వెలసినది. 2007 నుండి అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్నది. అంతటి విద్యాపీఠం పక్కన ఉన్నా, ఈ పాఠానికి కావలసిన మాటలు మాత్రం బస్సులోనే దొరుకుతాయి.

మొన్న మళ్ళీ ఆ దారిలోనే నాచారం వెళ్ళాను. కండక్టరు ఒక కూలి తల్లికి "జీరో టికెట్" కోసి ఇచ్చాడు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైన నాటినుండి పుట్టిన కొత్త మాట అది. దాని పుట్టుక ఆమెకు తెలియదు. చెప్పినా ఆ రద్దీలో వినబడదు. మన దేశపు "శూన్యం" అరబ్బులకు చేరి, వారి భాషలో అదే అర్థమిచ్చే "సిఫ్ర్" అయినది. దానిని ఇటలీ దేశస్థుడు ఫిబొనాచీ 1202లో తన గణిత గ్రంథంలో "జెఫిరమ్" అన్నాడు. అదే క్రమంగా "జీరో" అయినది. శూన్యం నుండి తెలుగువారికి సున్న వచ్చినది. హైదరాబాదు ఉర్దూలో సిఫర్ నిలిచినది. ఇప్పుడు ప్రపంచమంతా తిరిగిన జీరో ఇంగ్లీషు చీర కట్టుకొని ఉప్పల్ బస్సు ఎక్కినది.

ఆమె ఆ చీటీని కొంగున ముడి వేసుకొన్నది. పక్కనున్న ఆమె కూతురు, ఆరేడు తరగతుల పిల్ల, కిటికీలోనుండి దుకాణాల పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కొని చదువుతున్నది. ఒకచోట తప్పు చదివినది. నేను నవ్వలేదు. కండక్టరు "రైట్, రైట్" అన్నాడు.