యుద్ధకాలపు కార్టూన్లలో అంబేద్కర్

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. మరుసటి నెల కాంగ్రెసు నాయకులు జైళ్ళకెళ్ళారు. ఇక ఇంగ్లీషు పత్రికల కార్టూనిస్టులకు ఈయన తెల్లోళ్ళ మనిషైపోయాడు. కార్టూన్లో కొలతే తీర్పు. గొప్పోణ్ణి పెద్దగా గీస్తారు, లెక్కలేనోణ్ణి పొట్టిగా. ఆయన్ని పొట్టివాడిగా, పసివాడిగా, ఆడమనిషిగా కూడా గీశారు (ఆడదంటే అదో తిట్టు కాబోలు!). ఉన్నమతి శ్యామ్‌సుందర్ 2019లో ఇలాంటి బొమ్మల్ని పోగుచేసి పుస్తకం తెచ్చారు.

ఇంతకీ ఆ శాఖలో ఆయన చేసిందేమిటి? మన గుంటూరు జిన్నింగు మిల్లుల్లోంచి చూద్దాం. పత్తి జిన్నింగు ఏడాది పొడుగునా నడిచేది కాదు, సీజను ఫ్యాక్టరీ. 1934 చట్టం అక్కడ వారానికి 60 గంటల పనికి ఒప్పుకుంది. బొమ్మలో పొట్టిగా ఉన్న ఆ మనిషి తెచ్చిన 1946 సవరణ దాన్ని 50కి దించింది. మిల్లు యజమానులు ఏమాత్రం పాటించారన్నది వేరే గొడవ. దూది దుమ్ములో నిలబడే కూలీకి కాగితం మీదైనా వారానికి పది గంటలు దక్కాయి.