ఉతికే యంత్రం - దాని సంరక్షణ

చాకిరేవులో బట్టలు ఉతికే పద్ధతిని దగ్గరగా చూసినవారికి అందులో ఎంత నేర్పు ఉందో తెలుస్తుంది. మురికి బట్టలను చవుడు కలిపిన నీళ్ళలో నానబెడతారు. ఉబ్బలో వేసి ఆవిరి పట్టిస్తారు. తరువాత బండమీద బాది, పారే నీటిలో జాడించి, మెలిపెట్టి పిండుతారు. నానబెట్టడం, వేడిచేయడం, బాదడం, జాడించడం, పిండడం అనే ఈ పనులన్నిటినీ ఒకే డ్రమ్ములో వరుసగా చేసేదే ముందువైపు గుండ్రని తలుపు ఉన్న ఉతికే యంత్రం. వాడుకలో దీనిని ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ అంటారు.

అయితే రేవుకూ యంత్రానికీ ఒక పెద్ద తేడా ఉంది. రేవులో బట్టలు వదిలిన మురికి ఏటినీటితో కొట్టుకుపోతుంది. యంత్రంలో అది ఒక సన్నని గొట్టం గుండా బయటికి పోవాలి. ఆ దారిలో ఎక్కడ అడ్డు పడినా యంత్రం మొరాయిస్తుంది. ఇళ్ళలో ఈ యంత్రాలకు వచ్చే ఇబ్బందులు చాలావరకు లోపలి భాగాలు విరగడంవల్ల వచ్చేవి కావు. నీరు వచ్చే దారో, పోయే దారో, గాలి ఆడే దారో మూసుకుపోవడంవల్ల వచ్చేవి. మెకానిక్కుకు కబురు పెట్టేముందు ఈ మూడు దారులనూ ఒకసారి చూడడం మంచిది.

యంత్రంలో నీరు నిలిచే పెద్ద తొట్టి ఒకటి, దాని లోపల తిరిగే చిల్లుల స్టీలు డ్రమ్ము ఒకటి ఉంటాయి. డ్రమ్ము గోడకు లోపలివైపు రెక్కలవంటి మిట్టలు ఉంటాయి. డ్రమ్ము నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ మిట్టలు బట్టలను పైకెత్తి కింద పడవేస్తాయి. బండమీద బాదడానికి బదులు ఇక్కడ జరిగేది ఇదే. డ్రమ్ము వ్యాసం 48 సెంటీమీటర్లు అనుకుంటే, అది నిమిషానికి సుమారు 61 చుట్లు తిరిగిందంటే బట్టలు కింద పడకుండా గోడకు అతుక్కుపోతాయి. అందుకే ఉతికేటప్పుడు డ్రమ్ము అంతకంటె తక్కువ వేగంతో తిరుగుతుంది. డ్రమ్మును బట్టలతో కిక్కిరిసేలా నింపితే పడడానికి చోటుండదు; చోటు లేకపోతే బట్ట శుభ్రపడదు. బట్టలు వేసిన తరువాత వాటిపైన ఒక అరచెయ్యి దూరేటంత ఖాళీ ఉండాలి.

పిండే దశలో పని తిరగబడుతుంది. అప్పుడు బట్టలు గోడకు అతుక్కోవాలి, నీరు చిల్లుల గుండా బయటికి పోవాలి. నిమిషానికి 1200 చుట్ల వేగంతో తిరిగే డ్రమ్ము అంచు గంటకు సుమారు 108 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. ఆ వేగంలో గోడకు అతుక్కున్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 385 రెట్ల బలంతో బయటికి ఒత్తుతుంది. ఒక కిలో తడితువ్వాలు ఒకే పక్కకు చేరి, ఎదుటి పక్క దానికి సాటి బరువు లేకపోతే, 385 కిలోల బరువు డ్రమ్మును గిరగిరా ఊపుతున్నట్టే. ఈ ఊపును తట్టుకోవడానికే తొట్టిని స్ప్రింగులతో వేలాడదీసి, కింద స్కూటరుకు ఉండే షాక్ అబ్సార్బర్లవంటివి అమర్చి, బరువైన కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. 1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ ఇళ్ళకోసం విడుదల చేసిన స్వయంచాలక యంత్రానికి ఈ ఏర్పాట్లు లేనందువల్ల దానిని నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చేది.

ఈ సంగతి తెలిస్తే యంత్రం ఊగడానికి కారణం వెతకడం సులభం. దుప్పటి ఒక్కటే వేశారా? అది ఉండచుట్టుకొని ఒక పక్కకు చేరుతుంది. ఇప్పటి యంత్రాలు దీనిని పసిగట్టి, వేగం తగ్గించి, బట్టలను మళ్ళీ సర్దడానికి ప్రయత్నిస్తాయి. కుదరకపోతే పిండకుండానే ఆగిపోతాయి. బట్టలు నీరోడుతూ రావడం చూసి యంత్రం చెడిందని అనుకోవలసిన పని లేదు. రెండు తువ్వాళ్ళు తోడు వేస్తే సరిపోతుంది. అన్నివేళలా ఊగుతుంటే నేలను, కాళ్ళను చూడాలి. తాపీమేస్త్రీ వాడే రసమట్టాన్ని యంత్రంపైన పెట్టి, ఎటు వాలిందో చూసి, ఆ మూల కాలును తిప్పి ఎత్తు సరిచేసి, దాని నట్టు బిగించాలి. కొత్త యంత్రం మొదటిరోజే గంతులు వేస్తే వెనుకవైపు రవాణా బోల్టులు తీశారో లేదో చూడాలి. దారిలో తొట్టి కదలకుండా కర్మాగారంలో బిగించిన బోల్టులవి. వాటిని తీయకుండా నడిపితే స్ప్రింగులకు పని ఉండదు.

ఇక నీరు వచ్చే దారి. యంత్రం నీరు తీసుకోకపోతే ముందుగా కొళాయి తిప్పి ఉందో లేదో చూడాలి. నవ్వు వచ్చినా, ఈ కారణం తరచుగా ఎదురయ్యేదే. తరువాత, పైపు యంత్రానికి తగిలేచోట చిన్న జల్లెడ ఉంటుంది. బోరు నీటిలోని ఇసుక, తొట్టె అడుగు మడ్డి అక్కడ చేరతాయి. కొళాయి కట్టి, ప్లగ్గు తీసి, పైపు మరలను విప్పి, ఆ జల్లెడను పాత పళ్ళబ్రష్షుతో కడగాలి. మిద్దెమీద తొట్టె ఉన్న ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. చాలా యంత్రాలకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలి. అంటే తొట్టెలోని నీటిమట్టం యంత్రపు నీటిద్వారం కంటె సుమారు 3 మీటర్లు ఎత్తున ఉండాలి. తొట్టె ఉన్న అంతస్తులోనే యంత్రం పెడితే ఆ ఎత్తు దొరకదు.

నీరు పోయే దారి మరింత ముఖ్యమైనది. యంత్రం ముందుభాగాన, అడుగున, చిన్న మూత వెనుక ఒక ఫిల్టరు ఉంటుంది. జేబుల్లో మరచిపోయిన రూపాయి బిళ్ళలు, బొత్తాలు, పిన్నులు, పెన్ను మూతలు, చింతగింజలు, బట్టలనుంచి రాలిన నూలుపీచు అన్నీ ఇక్కడికే చేరతాయి. ఉతకడం పూర్తయినా డ్రమ్ములో నీరు నిలిచి ఉంటే ముందుగా చూడవలసిన చోటు ఇదే. ప్లగ్గు తీయాలి. వేడినీటితో ఉతికి ఉంటే నీరు చల్లారేదాకా ఆగాలి. మూత కింద లోతు తక్కువ పళ్ళెం ఒకటి పెట్టి, పక్కన సన్నని పైపు ఉంటే ముందు దాని గుండా నీటిని వదలాలి. ఫిల్టరును ఎడమవైపుకు మెల్లగా, కొద్దికొద్దిగా తిప్పాలి; ఒక్కసారిగా విప్పితే బకెట్టుకు పైగా నీరు వంటింటి నేల మీదికి వస్తుంది. పీచు తీసి, ఫిల్టరు కూర్చునే గుంతలో టార్చి వేసి చూసి, తిరిగి గట్టిగా బిగించాలి. నెలకొకసారి ఈ పని చేసే ఇంట్లో పంపు చాలాకాలం మన్నుతుంది. నీరు పోయే పైపు గోడకు నలిగి మడత పడిందేమో చూడాలి. ఆ పైపు కొసను నేలమీదనే వదిలేయకూడదు. అలా వదిలితే నింపిన నీరు నింపినట్టే సైఫన్ పద్ధతిలో జారిపోతుంది, యంత్రం నింపుతూనే ఉంటుంది.

సబ్బు విషయంలో ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అన్న భ్రమ ఉంది. చేతితో ఉతికే పొడి బాగా నురుగు కడుతుంది. డ్రమ్ములో అది కవ్వంతో చిలికినట్టు పొంగి, పడే బట్టకు పరుపులా అడ్డుపడుతుంది. పంపుకు నీటిని తోడడం తెలుసుగాని నురుగును తోడడం తెలియదు. కాబట్టి నురుగు తక్కువ కట్టే, ఈ యంత్రాలకోసమే చేసిన పొడినే పెట్టెమీద చెప్పిన కొలత ప్రకారం వాడాలి. సబ్బు సొరుగును అప్పుడప్పుడు బయటికి లాగి కడిగితే గడ్డకట్టిన పొడి పోతుంది.

హోసూరు, కోలారు, బళ్ళారి వంటి రాతినేలల్లో చాలా ఇళ్ళు బోరు నీటిమీద ఆధారపడతాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠిన జలం అంటారు. దీనిని వేడిచేసినప్పుడు కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లని గార ఇదే. యంత్రంలో అది హీటరు తీగచుట్టకు పట్టుకుంటుంది. గార గుండా వేడి సరిగా పోదు. నీరు వేడెక్కడం ఆలస్యమవుతుంది, హీటరు మాత్రం తన వేడికి తానే కాలిపోతుంది. బజారులో దొరికే గార తొలగించే పొడినిగాని, నిమ్మ ఉప్పునుగాని యంత్రంతో వచ్చిన పుస్తకం అనుమతించిన మేరకు వేసి, బట్టలు లేకుండా వేడినీటితో ఒకసారి నడిపితే గార కరుగుతుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నిమ్మ ఉప్పువంటి ఆమ్లాన్నీ, బ్లీచింగ్ ద్రావణాన్నీ ఎన్నడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన స్నానాలగదిలో అది ప్రాణాపాయం కలిగించగలదు.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మడతలో నీరు, పీచు, ఒక్కొక్కసారి చిన్న పిల్లల మేజోడు కూడా చిక్కుకొని ఉంటాయి. ఉతకడం కాగానే తలుపు మూసివేస్తే ఆ తేమలో బూజు పుట్టి, ఉతికిన బట్టలకే ముక్కవాసన వస్తుంది. మడతను గుడ్డతో తుడిచి, తలుపును కొద్దిగా తెరచి ఉంచాలి. ఎప్పుడూ చల్లని నీటితోనే ఉతికే ఇళ్ళలో నెలకొకసారి ఖాళీ యంత్రాన్ని 60 డిగ్రీలకు పైబడిన వేడితో నడపాలి.

తలుపు తెరచి ఉంచమనడంలో ఒక ప్రమాదం దాగి ఉంది. గుండ్రని డ్రమ్ము చిన్నపిల్లలకు దాగుడుమూతల గూడులా కనిపిస్తుంది. లోపలికి దూరిన తరువాత తలుపు పడితే లోపలినుంచి తెరవడం వారికి సాధ్యం కాకపోవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో యంత్రం ఉన్న గది తలుపుకు గడియ వేయాలి. అది కుదరకపోతే వాసన వచ్చినా సరే యంత్రం తలుపును మూసే ఉంచాలి. పిల్లి తిరిగే ఇంట్లో బట్టలు వేసేముందు డ్రమ్ములోకి తొంగిచూడడం మరచిపోకూడదు.

విద్యుత్తు సంగతి పిల్లలు చేతితో పరీక్షించేది కాదు. 2000 వాట్ల హీటరు 230 వోల్టులవద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. కనుక 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గుకు దీనిని తగిలించకూడదు. 16 ఆంపియర్ల మూడు కాళ్ళ సాకెట్టు, సరైన ఎర్తు ఉండాలి. యంత్రాన్ని తాకినప్పుడు చేతికి జివ్వుమని తగిలితే ఎర్తు లోపించిందని అనుమానించాలి. తడిచేత్తో యంత్రాన్నీ ప్లగ్గునూ ముట్టకుండా, పెద్దలచేత మెయిన్ స్విచ్చి కట్టించి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా దానిని వాడకూడదు. మధ్యలో కరెంటు పోతే తలుపు కొంతసేపు తాళం పడే ఉంటుంది. బలవంతంగా లాగితే తాళం విరుగుతుంది. నీరు గాజుదాకా ఉంటే ముందు అడుగు ఫిల్టరువద్ద వదలాలి.

ఖాళీ డ్రమ్మును చేతితో తిప్పినప్పుడు తిరగలి విసిరినట్టు గరగర చప్పుడు వస్తే బేరింగు అరిగిందన్నమాట. కాలిన వాసన వచ్చినా, యంత్రం అడుగునుంచి నీరు కారుతున్నా వెనుక పలక విప్పే ప్రయత్నం ఇంట్లో చేయరాదు. అది మెకానిక్కు పని. ఇల్లు మారేటప్పుడు మాత్రం మొదటిరోజు తీసి దాచిన రవాణా బోల్టులను వెతికి మళ్ళీ బిగించి, అడుగు ఫిల్టరు విప్పి మిగిలిన నీటిని వదిలి, ఆ తరువాతే యంత్రాన్ని బండి ఎక్కించాలి.