పుడుతూనే కడుపుతో ఉండే పురుగు

1967 డిసెంబరు 29న అమెరికా టీవీలో ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో ఒక భాగం ప్రసారమైంది. అందులో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకను అతలాకుతలం చేసింది కోరల రాక్షసి కాదు, అరచేతిలో ఇమిడే బొచ్చుముద్ద. పేరు ట్రిబుల్. నిమిరితే గురగురలాడుతుంది. నౌకలో పనిచేసే ఉహూరాకు ఒక వ్యాపారి దాన్ని ఊరికే ఇస్తాడు. ముద్దొచ్చి ఆమె వెంట తెచ్చుకుంటుంది. చూస్తుండగానే దానికి పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. చివరికి కెప్టెన్ కిర్క్ భోజనం పళ్లెంలోనూ అవే!

నౌక వైద్యుడు మెకాయ్ పరీక్షించి అసలు సంగతి చెబుతాడు: ఇవి పుడుతూనే కడుపుతో పుడతాయి. లెక్క నౌకలోని మరో అధికారి స్పాక్ కడతాడు. 12 గంటలకోసారి ప్రతిదీ పదేసి పిల్లల్ని పెడితే, మూడు రోజుల్లో ఒక్కటి కాస్తా 17,71,561 అవుతుంది. మీరూ వేసి చూడండి. తల్లితో కలిపి ఈతకు 11 రెట్లు, మొత్తం ఆరు ఈతలు.

చేలల్లో పురుగుల్ని చూసి రైతులకు చెప్పడం నా వృత్తి. అందుకే ఇది నాకు కట్టుకథ అనిపించదు. బొబ్బర తీగ లేత చివరను వంచి భూతద్దంతో చూడండి. నల్లగా మెరిసే పేనుబంక తల్లి వెనక నుంచి లేతరంగు పిల్ల కాళ్లు ఆడిస్తూ బయటికొస్తుంది. మగతోడు లేకుండా పుట్టిన ఆ పిల్ల కడుపులో అప్పటికే మరో తరం పెరుగుతుంటుంది!

మరి చేలన్నీ పేనుబంకతో ఎందుకు నిండిపోలేదు? అక్షింతల పురుగు, దాని పిల్లపురుగు వాటిని తినేస్తాయి కనుక. ట్రిబుల్ కథలో కీలకమూ ఇదే. సొంతగడ్డ మీద వాటిని వేటాడే జీవులున్నాయి, నౌకలో లేవు. బయటి నుంచి తెచ్చిన కుందేళ్లు ఆస్ట్రేలియాలో విపరీతంగా పెరిగి తెచ్చిన ముప్పును రచయిత డేవిడ్ జెరాల్డ్ మనసులో పెట్టుకునే ఈ కథ రాశారు.

మన దేశంలోనూ ఇదే జరిగింది. మెక్సికో, మధ్య అమెరికాలకు చెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనబడింది. ఒంటిమీది మైనపు పొడి వల్ల దానిపై మందులు సరిగా పనిచేయలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి దాని సహజ శత్రువులైన చిట్టి కందిరీగల్ని తెప్పించి వదిలారు. అవి పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపేస్తాయి. అలా అదుపులోకి వచ్చింది.

ఏ ప్రాణీ పుట్టుకతో చీడ కాదు. శత్రువులు లేని చోటికి మనం మోసుకెళ్తే చీడ అవుతుంది. అందుకే రైతులకు నా మాట: మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి, అక్షింతల పురుగులుంటే కాస్త ఆగండి. విదేశాల నుంచి వచ్చేవారికి నా విన్నపం: ముచ్చటపడి మొక్కో కొమ్మో పెట్టెలో దాచి తేకండి.