చలికాలంలో రోగికి జావ, చారు

చలికాలంలో వేడి రాగి జావ, మిరియాల చారు, పెసరపప్పు పులగం రోగికి ఎంతో హాయినిస్తాయి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పులగంలో బియ్యం, పప్పు కలిసి మంచి మాంసకృత్తులనిస్తాయి. చారు గొంతుకు సుఖమే గాని, దానితోనే బలం రాదు.

అయితే ఒకరికి మేలు చేసేది మరొకరికి కీడు చేయవచ్చు. ఈ జాగ్రత్తలు పాటించండి:

1. షుగరు వ్యాధి: జావలో బెల్లం వేయవద్దు. బెల్లం కూడా చక్కెరలాగే షుగరును పెంచుతుంది. మజ్జిగ కలిపి, కొలతగా ఇవ్వండి.

2. బి.పి., గుండెజబ్బు: చారులో ఉప్పు తగ్గించండి. నంజుకోవడానికి ఆవకాయ, అప్పడాలు వద్దు.

3. నీళ్లు కొలిచి తాగమన్న కిడ్నీ, గుండె రోగులు: మంచినీళ్లే కాదు, జావ, చారు కూడా ఆ లెక్కలోనివే.

4. పక్షవాతం: మింగడం సరిగా లేకపోతే పలుచని చారు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. డాక్టరు చెప్పేవరకు నోటితో ఏమీ పెట్టవద్దు. చెప్పిన తర్వాత కూడా నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా తినిపించండి. దగ్గు వస్తే వెంటనే ఆపండి.

ఇంటి నుండి ఏమి తెచ్చినా, క్యారియర్ మూత తీసే ముందు వార్డు సిస్టరును ఒక్క మాట అడగండి.