నాకు పొద్దెప్పుడు సార్?

షుగర్ మందుల చీటీ మీద 1-0-1 అని రాసుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. మాదాపూర్‌లో అమెరికా వేళలకు పనిచేసే కుర్రాడు ఆ చీటీ పట్టుకొచ్చి అడిగాడు: "అన్నా, నాకు పొద్దెప్పుడు?" అతను లేచేది మధ్యాహ్నం రెండింటికి. మొదటి ముద్ద మూడింటికి. ఆఫీసులో 'లంచ్' రాత్రి పదకొండింటికి. తెల్లారి ఐదింటికి హాస్టల్‌కి చేరి, ఇంత పెరుగన్నం తిని పడుకుంటాడు, ఓపికుంటే. డాక్టర్నే అడగకపోయావా అంటే, "టోకెన్ పిలిచాక ఐదు నిమిషాలు కూడా ఉండదన్నా" అన్నాడు.

సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఈ దారిలో రాత్రిని పగలు చేసుకుని బతకడం కొత్తేమీ కాదు. చీటీ మాత్రం ఇంకా కోడికూతకు లేచేవాడికే రాస్తున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. ఆ కొవ్వూ షుగరూ ఒక గూటి పక్షులే.

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల సంగతి ఇలా ఉంటే, ఆ మేడలు ఊడ్చేవాళ్లది ఇంకోలా ఉంది. పాలమూరు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్ భార్యను ల్యాబ్‌వాళ్లు "ఫాస్టింగ్‌లో రా" అన్నారు. ఆమెకు తెలిసిన ఫాస్టింగ్ శనివారం ఒక్కపొద్దే. గ్లాసెడు పాలు తాగి, రెండు అరటిపళ్లు తిని వెళ్లింది. ఏమీ తినలేదు కదా అని అడిగితే, "ఏం తినలే సార్, ఒక్కపొద్దు ఉన్న" అంది. ఆమె అబద్ధమాడలేదు. షుగర్ ఎక్కువ చూపించింది, మాత్ర పెరిగింది. 'పరగడుపున' అనే మాట మనకుంది. ల్యాబ్ గోడ మీద ఎక్కడా కనపడదు.

కార్తీకం వస్తే ఇంకో చిక్కు. ఐడీ కార్డు పక్కనే అయ్యప్ప మాల, నల్లబట్టలు, నలభై ఒక్క రోజులు చెప్పుల్లేని నడక. షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవాడికి గాజుపెంకు దిగినా తెలియదు. మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర పాత లెక్కనే మింగితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. డాక్టర్ "మాల వద్దు" అంటాడు. స్వామి సంక్రాంతి దాకా ఆ డాక్టర్ గడప తొక్కడు. పట్టుదలకు పోతే పోగొట్టుకునేది కాలే అయినా, నాకు మాత్రం ఇందులో స్వామి కన్నా డాక్టర్ తప్పే ఎక్కువ కనపడుతుంది. రంజాన్ ఉపవాసాలకు అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, డార్ (డయాబెటిస్ అండ్ రమదాన్) కూటమి కలిసి 2016లో మార్గదర్శకాలు తెచ్చి, 2021లో సవరించాయి. ఎవరు రోజా ఉండకూడదు, సహరీకీ ఇఫ్తార్‌కీ మందెలా మార్చాలి, అన్నీ ఉన్నాయందులో. మాల వేసుకున్నవాడికి అంత అక్కర్లేదు. మందు లెక్క మార్చి, రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోమని, పుండు కనపడితే ఆగకుండా రమ్మని చెప్పినా చాలు. అలా చెప్పించుకున్న స్వామి "చెప్పులు వేసుకో" అన్నా వింటాడేమో.

ఇక డైట్ చార్ట్. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, బ్రొకోలీ. హాస్టల్ వంటాయన చేసేది పులిహోర, ఉప్మా, తెల్లన్నం. రాజేంద్రనగర్‌లోని మన వ్యవసాయ విశ్వవిద్యాలయమే రూపొందించిన తెలంగాణ సోనా గ్లైసీమిక్ సూచి 51 దాపుల్లో ఉంటుంది, మామూలు సన్నబియ్యం కంటే తక్కువ. చార్టులో దాని పేరు నేను చూడలేదు. సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టే అక్క దగ్గర బండ్లు ఆపేవాళ్లలో సగం మంది షుగర్‌వాళ్లే. (జొన్నరొట్టె మందేం కాదు. నాలుగు లాగిస్తే అదీ పెంచుతుంది.) ఎన్ని తినాలో, ఏ కూరతో తినాలో వాళ్లకు చెప్తున్నది ఆ అక్కే.

కుర్రాడు మొన్న మళ్లీ చీటీ చూపించాడు. మొదటి 1 పక్కన పెన్నుతో 'మధ్యాహ్నం 3' అని రాసుకున్నాడు. రెండో 1 పక్కన 'తెల్లారి 5' రాసి, కొట్టేసి, ప్రశ్న గుర్తు పెట్టాడు. తినకుండా పడుకునే రోజు వేసుకోవాలా వద్దా తెలియక. వచ్చే నెల టోకెన్ ముందుగా దొరికితే అడుగుతాడట.