అమ్మమ్మ పోపుల పెట్టెలో మెంతుల గిన్నె

మీ వంటింట్లోనూ పోపుల పెట్టె ఉండే ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు... మా అమ్మమ్మ పెట్టెలో మాత్రం మెంతుల గిన్నె ఎప్పుడూ కాస్త బరువుగా ఉండేది. పైన పిడికెడు మెంతులు, అడుగున చిల్లర. నెయ్యి అమ్మిన డబ్బులన్నమాట. "మెంతులు చేదు కదే, ఎవరూ ఊరికే చెయ్యి పెట్టరు" అని నవ్వేది.

తెనాలి దగ్గర పల్లె ఆవిడది. వేసవి సెలవులకి వెళితే జీళ్ళకి పావలా అడిగేవాళ్ళం. ఊరికే ఇచ్చేది కాదు. రెండు కట్టలు గోంగూర వలిపించి, అప్పుడు చేతిలో పెట్టేది. పిసినారి ముసలమ్మ అని చాటుగా అనుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ సంగతి అమ్మ చెప్పగా తర్వాతెప్పుడో తెలిసింది. 1943లో తాతగారు పోయారు. అప్పటికి అమ్మమ్మకి ఇరవై ఒక్క ఏళ్ళు, చంకలో రెండేళ్ళ అమ్మ. ఉమ్మడి కుటుంబం, పెత్తనం మరిదిగారిది. ఆ రోజుల్లో అలాంటి ఇంట్లో భర్త పోయిన ఆడదానికి పొలంలో వాటా అడిగే దారి లేదండీ. తిండీ బట్టా, అంటే మనోవర్తి, అంతే. తలకి నూనె కావాలన్నా మరిదిగారి ముందు నిలబడాలి. "అడగడం కంటే మానుకోవడమే సులువనిపించేదే. ఏడాదిపాటు తలకి నూనె మానేశాను" అని ఒకసారి నాకు జడ వేస్తూ అంది. చెప్పి, నా మాడు మీద ఇంకో చుక్క వేసి మర్దించింది.

1948లో ఊరి పెద్దలు కూర్చుని మనోవర్తి కింద రెండెకరాల మాగాణి ఇప్పించారు. కాగితం మీద ఒక మెలిక పెట్టారు. జీవితాంతం అనుభవించడానికే గానీ దాన విక్రయాది హక్కులు లేవు అని. ఆవిడ పోయాక పొలం తిరిగి మరిదిగారి పిల్లలకే వెళ్ళాలి. అయినా సరే, వచ్చిన మొదటి పంట డబ్బుతో గేదెని కొంది. ఆ గేదె పాడితోనే అమ్మని చదివించింది, పెళ్ళి చేసింది.

ఇక్కడ కొంచెం చట్టం మాట చెప్పాలి. విసుక్కోకండి, మనకి పనికొచ్చేదే. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షను ప్రకారం స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఆమె సొంతం అవుతుంది. మరి మనోవర్తి కింద, బతికినంత కాలమే అని షరతు పెట్టి ఇచ్చిన పొలం మాటేమిటి? దానిమీద తులసమ్మ అనే మన తెలుగావిడ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1949 నాటి రాజీలో ఆవిడకీ ఇలాగే షరతుతో ఆస్తి ఇచ్చారు. మనోవర్తి అన్నది భార్యకి ముందునుంచీ ఉన్న హక్కు, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తిమీద ఆమెకి పూర్తి హక్కు ఉంటుంది అని 1977లో తీర్పు వచ్చింది.

ఆ తీర్పు సంగతి అమ్మమ్మకి ఎవరు చెప్పారనుకున్నారు? తెనాలిలో ఆవిడ దగ్గర నెయ్యి పోయించుకునే ఒక ప్లీడరుగారి భార్య! గిద్ద గిద్ద కొలుస్తూ మాటల్లో విన్నదట.

1979లో ఆ రెండెకరాలూ అమ్మ పేర రాసింది. ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసుకి నన్నూ తీసుకెళ్ళింది. నాకు పదేళ్ళు. గుమాస్తా వేలిముద్రకి సిరా పెట్టె ముందుకి జరిపాడు. అమ్మమ్మ దాన్ని పక్కకి నెట్టి కలం అడిగింది. ఆవిడకి వచ్చిన అక్షరాలన్నీ తన పేరులోవే. ముందు నన్ను కాగితం మొత్తం పైకి చదవమంది. నేను తడబడుతూ చదువుతుంటే వెనక జనం విసుక్కున్నారు. ఆవిడ కదల్లేదు. బయటికొచ్చాక చెప్పింది: "ఉప్పు చూడకుండా కూర దించుతామటే? చదవకుండా సంతకమూ అంతే."

ఆ తర్వాత మరిదిగారి పిల్లలు ఆవిడ గడప తొక్కలేదు. 1991లో ఆవిడ పోయినప్పుడు మాత్రం వచ్చారు.

2008లో మా నాన్నగారు పోయారు. పదకొండో రోజు భోజనాలయ్యాక అన్నయ్య ఒక కాగితం తెచ్చి, "ఇక్కడో సంతకం పెట్టమ్మా" అన్నాడు. కలం తీసుకున్నాను కూడా. ఎందుకో పోపుల పెట్టె గుర్తొచ్చింది. కూర్చుని చదివాను. నాన్నగారి నాలుగెకరాల మీద నాకే హక్కూ లేదని రాసిచ్చే విడుదల పత్రం అది. వారం గడువడిగాను. "నామీద నమ్మకం లేదా?" అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క మాటా ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అమ్మ ఏమీ అనలేదు, లేచి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

చివరికి అరెకరం ఉంచుకుని మిగతా నా వాటా వాడికే వదిలేశాను. సేద్యం చేసేది వాడు, అమ్మని చూసుకున్నది వాడు. అది న్యాయమే అనిపించింది. అయినా రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. రెండు రాఖీ పున్నములు అలాగే వెళ్ళిపోయాయి. అరెకరం కోసం ఇంతా అవసరమా అని మా ఇంట్లోనూ అడిగారు. ఏమో మరి. ఏటా వచ్చే ఆ నాలుగు బస్తాలు మాత్రం ఎవర్నీ అడక్కుండా వస్తాయి.

వాటా వదులుకోవడం తప్పని నేననను. పుట్టింటి మీద ప్రేమతో రాసిచ్చేవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ ఏమిటో తెలిసి ఇవ్వండి. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని 1956 చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో అయితే మన రాష్ట్రంలో 1985 నుంచి అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకీ, 2005 సవరణతో దేశమంతటా పెళ్ళయిన వాళ్ళకీ సమాన హక్కు వచ్చింది. విడుదల పత్రం రిజిస్టరయ్యాక మళ్ళీ వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అందుకని కాగితం ఇంటికి తెచ్చుకోండి, ఒక రోజు ఉంచుకోండి, తెలిసినవాళ్ళకి చూపించండి.

అమ్మమ్మ పోపుల పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఒక మూల సొట్ట, మూత సరిగ్గా పడదు. మెంతుల అడుగున నేనూ నాలుగు నోట్లు దాస్తుంటాను. "ఫోన్‌లో డబ్బులుండగా ఇదేంటమ్మా" అని మా అమ్మాయి నవ్వుతుంది. పోయిన సంక్రాంతికి అన్నయ్యా వదినా వచ్చారు. మజ్జిగపులుసుకి పోపు వేస్తానని వదిన పెట్టె తీసింది. మెంతుల గిన్నె చేత్తో ఎత్తి చూసి, నా వంక చూసింది.

"మా ఇంట్లో జీలకర్ర గిన్నె వదినా" అంది, గొంతు తగ్గించి.